ఐదు రోజుల తాళం

మూడు దెబ్బలు పడ్డా తాళం చెక్కుచెదరలేదు.

ఎత్తైన గద్దె మీది గది ముందు భాను గడ్డపార దించి కొంగుతో మొహం తుడుచుకుంది. కింద సగం తండా పోగైంది. మిరప తోటలకి బయల్దేరిన ఆడవాళ్ళు సద్ది గిన్నెలతో దారిలోనే నిలబడిపోయారు.

"భానూ, దిగు! నీకేమన్న పిచ్చి లేసిందా?" అత్త జమ్లి కల్లంలో ఆరబోస్తున్న మిరపకాయలు వదిలేసి పరుగున వచ్చింది. "తండా అంత చూస్తున్నది. కోడలివి, గద్దె మీద నిలబడి గడ్డపార తిప్పుడేంది?"

"చూడనీ అత్తయ్యా. ఈ గది కట్టిందే అందరికీ కనిపించాలని కదా!"

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ఇక్కడిది రాతి నేల. వానాకాలం వాగు పొంగితే తవ్విన గుంతలన్నీ నిండిపోతాయి. అందుకని భాను మొగుడు జగదీష్ గుంతే అక్కర్లేని లెట్రిన్ ఒకటి తయారుచేశాడు. మలం పడే అర నేల మీదే ఉంటుంది. దాని మీద గద్దె, గద్దె మీద గది, గదికి నీలం తలుపు, తలుపు ముందు మెట్లు. మలం పారించడానికి నీళ్ళక్కర్లేదు, బూడిద చల్లితే చాలు. ముందు వైపున్న గరాటులోంచి మూత్రం గొట్టం గుండా డ్రమ్ములోకి పోతుంది. అందులో నీళ్ళు కలిపి మిరప తోటకి ఎరువుగా పోసుకోవచ్చు.

మంచి ఆలోచనే, ఎవరూ కాదనరు. కాకపోతే ఆ మెట్లెక్కిన మనిషి తండా నాలుగు వైపులకీ కనిపిస్తుంది. మెట్లకి ఎదురుగా వేప కింద మామ గోప్యా మంచం. మామ కూర్చున్న చోట కోడలు తలెత్తి నడవని ఇల్లది. అలాంటి ఇంట్లో, కోడళ్ళు ఎక్కాల్సిన మెట్లు సరిగ్గా ఆ మంచానికి ఎదురుగా పెట్టినవాడు ఆ ఇంటి కొడుకే. బయటివాడైతే తెలియక చేశాడని సరిపెట్టుకునేవాళ్ళం.

అది చాలదన్నట్టు ఇప్పుడా తలుపుకి తాళం.

ఇంట్లో ఏ ఆడమనిషికి ముట్టు వచ్చినా ఆ తలుపుకి తాళం పడుతుంది. ఆ ఐదు రోజులూ తాళంచెవి గోప్యా మొలతాడుకి వేలాడుతుంది. మగవాళ్ళు అడిగి తీసుకుంటారు. తాళం చూడగానే తండాకి సంగతి తెలిసిపోతుంది. ఎవరికా అని ఊహించడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. జమ్లికి ఆ వయసు దాటిపోయింది, చిన్న కోడలు భాను ఉండేది ఖమ్మంలో కిరాయి ఇంట్లో, మొగుడితో తండాకి నిన్ననే వచ్చింది. ఇక మిగిలింది పెద్ద కోడలు సువర్ణ ఒక్కతే.

ఆ సువర్ణ ఈ పొద్దున ఇంకా తండాకి చేరనే లేదు. మూత్రం ఆపుకుని ఆపుకుని జబ్బు చేసి భద్రాచలం దవాఖానాలో పడుకుని, ఇవాళే ఇంటికి వస్తోంది. అక్కడ ఉండగానే ముట్టు వచ్చింది. ఫోన్‌లో అత్తకి చెప్పింది, అత్త మామకి చెప్పింది. సువర్ణ ఆటో ఇంకా దారిలోనే ఉంది, తాళం మాత్రం తలుపుకి ఎక్కేసింది.

"జమ్లీ!" మంచం మీద నుంచి గోప్యా గొంతు. "నీ చిన్న కోడలికి చెప్పు. గా తాళం నేనేసిన. నేను తీస్తేనే తియ్యాలె."

మామ కోడలితో నేరుగా మాట్లాడడు, కోడలు మామకి నేరుగా జవాబివ్వదు. ఎంత కోపమొచ్చినా ఆ మర్యాద తప్పరు. అందుకని ఆ ఇంట్లో పోట్లాటలన్నీ జమ్లి మీదుగా నడవాల్సిందే.

"అత్తయ్యా, సువర్ణక్కకి డాక్టర్ ఏం చెప్పాడో మామయ్య విన్నాడా, అడుగు."

"విన్న. నీళ్ళు మస్తు తాగాలన్నడట. తాగమను. నేనేమన్న వద్దన్ననా?"

"తాగిన నీళ్ళు ఎక్కడికి పోతాయో కూడా అడుగు!"

కింద ఎవరో కిసుక్కున నవ్వారు. భాను గిర్రున తిరిగి చూసేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

"నవ్వండి. ఇందులో నవ్వే సంగతేదో నాకూ చెప్పండి. ఆమె పొద్దున చీకటితో పోయొస్తే మళ్ళీ పొద్దుగూకేదాకా గుక్కెడు నీళ్ళు తాగదు. ఎండలో మిరపకాయలు కోస్తూ నాలుక పిడచకట్టుకుపోతున్నా తాగదు. ఎందుకో మీలో ఆడవాళ్ళందరికీ తెలుసు. మూత్రంలో చీము పడింది అత్తయ్యా, కిడ్నీ దాకా పాకింది. నేను ల్యాబ్‌లో పనిచేస్తాను. రోజూ ఇలాంటివి చూస్తాను."

"ఛీ, గా మాటలన్నీ మగోళ్ళ ముందర ఎందుకే!"

"మాటకి సిగ్గుపడతారు, తాళానికి మాత్రం సిగ్గులేదు!"

నాలుగో దెబ్బ వేసింది. తాళం ఊడలేదు, తలుపుకున్న గొళ్ళెమే పెచ్చుతో సహా ఊడి మెట్ల మీద పడింది. తలుపు తెరుచుకుంది.

సరిగ్గా అప్పుడే జగదీష్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఇంట్లోంచి బయటికొచ్చాడు. భార్యని చూశాడు, గడ్డపారని చూశాడు, కింద పడిన గొళ్ళేన్ని చూశాడు.

"అయ్యో, గొళ్ళెం!" అన్నాడు.

పెళ్ళాం ఊరందరి ముందూ గడ్డపార పట్టుకుని ఊగిపోతుంటే ఆ మనిషి నోట వచ్చిన మొదటి మాట అది.

"మేడం చర్ల దాటిండ్రు. ఇంకొంచెం సేపట్ల ఈడుంటరు. ఇప్పుడు గొళ్ళెం ఎవలు పెడ్తరు? ఏం చేస్తున్నవో నీకు సోయి ఉన్నదా భాను?"

ఆ మేడం పేరు నాగలత. జగదీష్ పనిచేసే సంస్థ హైదరాబాద్ ఆఫీసు నుంచి వస్తోంది. ఆమె సరేనంటే చర్ల చుట్టుపక్కల తండాల్లో, గూడేల్లో ఇంటింటికీ ఇదే గది లేస్తుంది. ఆ ఒక్క మాట కోసమే జగదీష్ ఇన్నాళ్ళూ తిండి నిద్ర లేకుండా తిరిగాడు. చూపించడానికి ఇంటికన్నా మంచి చోటు ఏముంటుందని సొంత తండాకే తీసుకొస్తున్నాడు.

"సోయి నాకు బాగానే ఉంది. నీకే ఒక్క మాట. మీ నాన్న ఈ గదికి తాళం వేస్తున్నాడని నీకు తెలుసా?"

జగదీష్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"తెలుసా?"

"ఇప్పుడు గా ముచ్చటెందుకు? లోపల మాట్లాడుకుందాం రా."

"లోపలేంటి? తాళం బయట వేశారు, మాట కూడా బయటే కానీ. ఆయన పాతకాలం మనిషి, ఆయన్ని అని లాభం లేదు. నువ్వు ఇంజనీరువి. నువ్వైనా వద్దని చెప్పాలా, లేదా?"

అప్పుడు గోప్యా మంచం మీద నుంచి లేచాడు. మొహం జేవురించింది. ఈసారి జమ్లిని పిలవలేదు, నేరుగా కొడుకుని పట్టుకున్నాడు.

"ఏందిరా, నీ పెండ్లాం నన్ను నలుగురి ముందర దొంగను జేస్తుంటే బెల్లం కొట్టిన రాయి లెక్క నిలబడ్తవ్? చెప్పవేంది? గా ఐదు రోజులు ఆడోళ్ళను పోనియ్యొద్దన్నది నువ్వు గాదా?"

సద్ది గిన్నెల ఆడవాళ్ళు గుసగుసలు ఆపేశారు. భాను మొగుడి మొహంలోకి చూసింది. ఆ మొహం ముసలాయన మాటని కాదనలేదు.

"బా, నేను తాళమెయ్యమనలే," అన్నాడు జగదీష్ తండ్రితో.

"తాళమనలే. మరేమన్నవ్? పోయినేడు తోటకు బొబ్బ తెగులొచ్చె. డ్రమ్ము నీళ్ళు పోసిన మడే ముందుగాల ముడుచుకపోయె. గిట్లెందుకైందిరా, ఆడోళ్ళ ముట్టు కలిసినందుకేనా అని నీకు ఫోన్ జేసి అడిగితి. ఏమన్నవ్? యాదికున్నదా, లేదా?"

"అప్పుడు మేం డ్రమ్ముల నుంచి ఎరువు పరీక్షకు శాంపిళ్ళు తీస్తున్నం. రంగు మారితే పరీక్ష చేసేటోళ్ళు తిప్పి పంపుతున్నరు. ట్రయల్ పాడైతదని... ఆ ఐదు రోజులు ఆడవాళ్ళు వేరే చోట చూసుకుంటే మంచిదన్న. అంతే."

"వేరే చోటంటే?" భాను అడిగింది.

"ఇదివరకు పొయ్యే చోటే."

"బొబ్బ తెగులు తెల్లదోమతో వస్తుంది. నీకు తెలియదా?"

"తెల్సు."

"మీ నాన్నకి చెప్పావా?"

జగదీష్ వంగి గొళ్ళేన్ని ఏరుకున్నాడు.

"చెప్పలేదు. ఆయన భయం నీకు పనికొచ్చింది కాబట్టి చెప్పలేదు. నీ శాంపిల్ శుభ్రంగా రావాలి. దానికోసం అక్క ముళ్ళకంపల్లోకి పోవాలి. నీ గది గోడ మీద పెద్ద బొమ్మ గీయించావు, చూడు, చెంబు పట్టుకుని నవ్వుతున్న ఆడమనిషి. ఆ బొమ్మకి ముట్టు రాదు కదా, ఆమె ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది!"

"ఇంటింటికి తిరిగి అడిగినం భాను. అందరు వాడుతున్నం అన్నరు. మా యాడి గూడ అన్నది. అడుగు కావాల్నంటే! చెప్పు యాడీ, రోజూ పోతున్ననన్నవా, లేదా?"

జమ్లి ఇంతసేపూ ఆ మాట ఈ వైపుకీ, ఈ మాట ఆ వైపుకీ మోసి అలసిపోయి ఉంది. కొడుకు తన వైపు తిరిగేసరికి ఆమె మొహం చిన్నబోయింది. తర్వాత ఆమెకీ కోపం వచ్చింది.

"అన్న బిడ్డా. నువ్వు సంబురంగ అడిగితివి. కష్టపడి కట్టినవ్ గదా, లేదంటే నీ మొఖం మాడిపోతదని అవ్ అన్న. ఒక్కనాడన్న పోయిన్నా, నా పేటియా గా గదిల పట్టిందా అని నువ్వెన్నడన్న చూసినవా?" తన పెద్ద ఘేరా లంగాని రెండు చేతులతో పట్టి విదిల్చింది. అంచుకి కుట్టిన అద్దాలు గలగలమన్నాయి. "కూసుంటే దీని అంచు నీ గరాటుల పడ్తది. ఎత్తి పట్టుకుంటే బూడిద చల్లనీకె చెయ్యి ఉండదు. గదిల నీళ్ళు లేవు, చేతులు చూస్తే మిరపకాయలు కోసినయి. గా చేతులతోటి ఒక్క చెంబెడు నీళ్ళు పోసుకొని కడుక్కుంటే మంట ఎట్లుంటదో నీకెట్ల తెలుస్తది? ఆరుబయట వాగు నీళ్ళన్నా ఉంటయి."

"మరి అప్పుడే చెప్పొచ్చు గదా యాడీ!"

"కొడుక్కు చెప్పే ముచ్చటేనారా అది!"

జగదీష్ సర్వేకి మరో మనిషిని, కనీసం ఒక ఆడపిల్లని పంపితే తల్లి నిజం చెప్పేది. కానీ తన తండాలో తనకి ఎవరు అబద్ధం చెబుతారన్న ధీమాతో తానే పోయాడు. అందరూ అవునన్నారు. మన జగదీష్, మన గోప్యా కొడుకు, కాదని బాధపెట్టడం ఎందుకు అనుకున్నారు. ప్రేమ కొద్దీ చెప్పిన అబద్ధాలన్నీ పోగేసుకుని ఇంజనీరుగారు హైదరాబాద్ పోయాడు.

అంతలో ఆటో హారన్ వినిపించింది.

* * *

పెద్దకొడుకు మోతీలాల్ ముందు దిగి, సువర్ణ చెయ్యి పట్టుకుని దింపాడు. మనిషి సగమైపోయింది. చేతికి సూది గుచ్చిన చోట ఇంకా దూది అంటించి ఉంది.

అక్కడున్నవాళ్ళంతా ముందు తెరిచి ఉన్న నీలం తలుపుని చూశారు. తర్వాత సువర్ణని చూశారు. పిల్లలు కూడా.

సువర్ణకి ఒక్క క్షణంలో అర్థమైంది. ముసుగు గడ్డం దాకా లాక్కుని, ఎవరినీ పలకరించకుండా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

భాను గడ్డపార పారేసి చెంబుతో నీళ్ళు పట్టుకుని వెనకే వెళ్ళింది.

"తాగక్కా. తాళం తీసేశాను. ఇంక నీకే భయమూ లేదు."

సువర్ణ చెంబు అందుకోలేదు.

"ఎవలనడిగి తీసినవ్?"

"ఎవర్ని అడగాలి? మామయ్యనా?"

"నన్ను."

భాను చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది.

"తాళం ఉన్నప్పుడు ఇద్దరు ముగ్గురు చూసి మూతి తిప్పుకొని పొయ్యేటోళ్ళు. ఇయ్యాల తండా తండాను పిలిచి, డప్పు కొట్టి చెప్పినవ్, సువర్ణకు ముట్టొచ్చిందని. ఆటో దిగంగనే పక్కింటి సోని కొడుకు, గింతంత పోరడు, నా దిక్కు చూసి నవ్విండు. నేనిప్పుడు గా మెట్లెట్ల ఎక్కాలె?"

"నేను నీ కోసమే చేశానక్కా."

"నీ మొగడు గూడ మా కోసమే కట్టిండు."

భానుకి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. కోపం నెత్తికెక్కింది, కానీ ఆ కోపం ఎవరి మీదో తేల్చుకోలేకపోయింది. మామ మీద అనుకుంటే అది కొడుకు చెప్పిన మాట. మొగుడి మీద అనుకుంటే, అడక్కుండా మేలు చేయడంలో తానూ అతనికేమీ తీసిపోలేదు.

"మళ్ళ తోటకు తెగులొస్తే నా పేరే పెడ్తరు," అంది సువర్ణ. "పోయినేడు పెట్టిండ్రు గదా. నీకు తెల్వదు, నువ్వు ఖమ్మంల ఉంటివి. అన్నం కాడ కూసుంటే మామ వినపడేటట్టు అనేటోడు, 'ఎవల పాపమో నా తోట తిన్నది' అని. ఈయన గూడ నోరు మూసుకొనే తినేటోడు. ఒక్క మాట అనకపాయె."

"అది తెల్లదోమ వల్లక్కా. నీకూ దానికీ ఏ సంబంధం లేదు."

"గది నాకు జెప్పినవ్, మంచిగనే ఉన్నది. నాకు జెప్తే ఏమొస్తది? చెప్పాల్సినోడు చెప్పాల్సిన మనిషికి చెప్పలే."

"మేడం వస్తుంది కదా. ఆమె ముందు మొత్తం నేను చెప్పేస్తాను. తాళం సంగతి, శాంపిల్ సంగతి, అంతా..."

"నువ్వు నోరు తెరవొద్దు." సువర్ణ ముసుగు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏడుపుతో కాదు. "ఒట్టెయ్యి. ఇంట్ల అందరు నా గురించే మాట్లాడుతున్నరు. మామ మాట్లాడ్తడు, మరిది మాట్లాడ్తడు, ఇప్పుడు నువ్వు. నన్ను మాత్రం ఎవలు అడుగరు."

భాను ఆమె చేతిలో చెయ్యి వేసి ఒట్టేసింది.

అప్పుడు సువర్ణ చెంబు అందుకుని గటగటా తాగేసింది. ఖాళీ చెంబు భాను చేతిలో పెట్టి, ఇంకో చెంబు తెమ్మంది.

* * *

నాగలత మేడం జీపు దిగేసరికి జగదీష్ గొళ్ళేన్ని బైండింగ్ వైరుతో కట్టేశాడు. దూరం నుంచి చూస్తే తెలియదు. మెట్లు కడిగించాడు. బూడిద డబ్బా నింపించాడు. మంచం మాత్రం ఉన్న చోటే ఉంది, గోప్యా దాని మీదే ఉన్నాడు. ఆ మంచం అక్కడుండటం కూడా ఒక సంగతేనని జగదీష్‌కి ఇప్పటికీ తోచలేదు.

నాగలత యాభై దాటిన మనిషి. కాళ్ళకి బూట్లు, నెత్తికి ఎండ టోపీ. ఒక్కో మెట్టూ ఎక్కి, గదిలోకి తొంగి చూసి, గరాటు మీద వేలితో కొట్టి, కిందికి దిగి డ్రమ్ము మూత తీసి చూసింది. జగదీష్ ఆమె పక్కనే నడుస్తూ చెబుతున్నాడు. నీటి ఆదా, ఎరువు, వరదొచ్చినా మునగని అర. గొంతులో పొద్దుటి తడబాటు ఏమీ లేదు. మంచి పనివాడే, ఆ మాట కాదనలేం. దానికే భానుకి ఇంకా ఒళ్ళు మండింది.

"బాగుంది జగదీష్. ఇంటి ఆడవాళ్ళతో ఒకసారి మాట్లాడతాను."

"మా మిసెస్, మేడం. ల్యాబ్ టెక్నీషియన్." జగదీష్ భాను వైపు చూసిన చూపులో బతిమాలడమే ఉంది.

భాను నమస్కారం పెట్టింది. పళ్ళు బిగించి ఊరుకుంది. ఒట్టేసింది కదా!

"మరి రోజూ ఇక్కడే ఉండేవాళ్ళు?"

"మా వదిన ఉన్నది. కానీ ఒంట్ల బాగలేదు మేడం, పడుకున్నది."

"పడుకోలే, ఈడనే ఉన్న," అంది సువర్ణ గడప దాటుతూ.

ముసుగు కప్పుకునే ఉంది, కానీ గొంతు అందరికీ వినిపించింది. నేరుగా నాగలత ముందుకొచ్చి నిలబడింది.

"ఏమ్మా, నువ్వు ఎలా వాడుతున్నావో, ఇబ్బందేమైనా ఉందేమో చెప్తావా?"

"నేను ఇది వాడుతలేను మేడం. నేను పొయ్యే చోటు వేరే ఉన్నది. నాకిప్పుడు పోవాలె. మీరు గూడ రాండ్రి, చూద్దురు."

అని ఎవరి జవాబు కోసమూ ఆగకుండా నీలం తలుపుని దాటి, డ్రమ్ముని దాటి, మిరప తోట గట్టు మీదకి ఎక్కింది.

"సువర్ణా!" మోతీలాల్ వెంటపడ్డాడు. "దానికి జరమొచ్చింది మేడం, ఏందేందో మాట్లాడ్తది. ఏయ్, ఆగు!"

సువర్ణ ఆగలేదు. నాగలత ఒక్క నిమిషం జగదీష్ మొహం చూసి, తర్వాత గట్టెక్కింది. ఆమె వెనక భాను, భాను వెనక అన్నదమ్ములిద్దరూ. మిరప మొక్కల మధ్య వంగి కోస్తున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి నడుములు సరిచేసుకుని చూశారు. ఎవరూ నవ్వలేదు.

తోట దాటాక చెలక, చెలక దాటాక వాగు పక్క దారి. ఒకప్పుడు అక్కడ నిలువెత్తు పొదలుండేవి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు అన్నీ కొట్టేశారు. ఇప్పుడు అక్కడ మిగిలినవి నాలుగు కంపచెట్లు, ఒక కంకర కుప్ప. కుప్ప పక్కన టిప్పర్ ఆగి ఉంది. దాని నీడలో రోడ్డు పని మగవాళ్ళు కూర్చుని టీ తాగుతున్నారు. ఒకడు ఫోన్‌లో పాట పెట్టుకున్నాడు.

సువర్ణ గట్టు చివర ఆగిపోయింది. ఒక చెయ్యి పొత్తికడుపు మీద ఉంది.

"గా కంప చెట్ల వెనక మేడం. ఇంక వేరే లేదు."

"అక్కడ మగవాళ్ళున్నారు కదమ్మా."

"అవ్. వాళ్ళు పోవాలె."

"ఎప్పుడు పోతారు?"

"పోయినప్పుడు."

అందరూ నిలబడ్డారు. ఎండ మాడ్చేస్తోంది. టిప్పర్ నీడలో ఒకడు టీ గ్లాసు పారేసి బీడీ ముట్టించాడు. ఇంకొకడు ఈ గుంపుని చూసి, పక్కవాడిని మోచేత్తో పొడిచి, ఇటు తిరిగి కూర్చున్నాడు. జగదీష్ చెలక వైపు చూస్తున్నాడు. మోతీలాల్ కాలి బొటనవేలితో మట్టి గీకుతున్నాడు. పెళ్ళైనప్పటి నుంచి భార్య రోజూ ఇలాగే నిలబడుతోందని అతనికి తెలియక కాదు, పక్కన నిలబడి చూడటం ఇదే మొదలు.

భాను గోళ్ళు అరచేతిలోకి దిగుతున్నాయి. ఆ మగవాళ్ళని రాళ్ళతో తరిమికొట్టాలని ఉంది. మొగుడి చొక్కా పట్టి కుదిపేయాలని ఉంది. కానీ సువర్ణ అడిగింది కోపాన్ని కాదు. అందుకని నిలబడింది.

సువర్ణ ముందుకి వంగింది. నుదుటి మీద చెమట పట్టింది.

"ఇలా కుదరదు," నాగలత ఆమె భుజం పట్టుకుంది. "నీ ఒంట్లో బాగాలేదు. వెనక్కి పోదాం పద. ఇవాళ్టికి ఆ లెట్రిన్‌లోకే వెళ్ళు."

"నాకు ముట్టున్నది మేడం. ముట్టుంటే నేను గాడికి పోవద్దు. పోతే తోట చస్తదట."

"ఎవరు చెప్పారు?"

అప్పటికే గోప్యా ఊతకర్ర తాటించుకుంటూ గట్టు మీద వాళ్ళ వెనకాలకి వచ్చేశాడు. మనుషులు వరసగా తన తోటలోంచి పోతుంటే మంచం మీద ఎంతసేపు కూర్చుంటాడు! సువర్ణ మాట ఆయన చెవిన పడింది. కోడలి వైపు చూడలేదు. కొడుకు ఎదురుగా పోయి నిలబడ్డాడు.

"పొద్దుగాల్నించి అందరు నన్నే అంటున్నరు. సరే. గీ మేడం ముందర్నే చెప్పు. నీ వదిన ఇప్పుడు గా గదిలకు పోతే నా తోటకేమన్న అయితదా?"

"బా, ఇప్పుడు కాదు..."

"ఇప్పుడే. ఏం గాదంటే నేనే తోల్కపోయి తలుపు తెరుస్త. మరి ఏం గానిదానికి ఏడాది సంది నాతోని తాళమెందుకేయిస్తివి?"

"తాళమా?" నాగలత జగదీష్ వైపు తిరిగింది. "ఏ తాళం?"

జగదీష్ నోరు తెరిచాడు. ఏమీ కాదంటే, ఇన్నాళ్ళ ట్రయల్ అంతా ఆడవాళ్ళని బయట నిలబెట్టి చేసిందని ఆ మేడం ముందు తన నోటితో తానే ఒప్పుకున్నట్టు. అవుతుందంటే, చర్ల చుట్టూ లేచే ప్రతి నీలం తలుపుకీ తాళం ఖాయం. అతని చూపు మేడం మీద నుంచి తండ్రి మీదకి, తండ్రి మీద నుంచి భార్య మీదకి వచ్చింది. భాను కళ్ళు తిప్పుకోలేదు, సాయమూ చేయలేదు.

సువర్ణ గట్టు మీద కూలబడింది. రెండు చేతులతో పొత్తికడుపు అదుముకుని, ముసుగు జారిపోయినా పట్టించుకోకుండా, తలెత్తి మరిది మొహంలోకి చూసింది.

"జల్దీ చెప్పు జగదీషూ. నాకు ఆగుతలేదు."